“మనోడేనా?”: పొరుగువాణ్ణి ప్రేమించమన్న ఆజ్ఞ గురించి

ఈ వారం ఎపిసోడ్ మామూలు కంటే పొడుగైంది. అయినా చెప్పాలనుకున్నవి కొన్ని మిగిలిపోయాయి, కొన్ని తొందరగా దాటేశాను. ట్రాన్స్‌క్రిప్ట్ చదివే ముందు ఆ సంగతులు వరసగా ఇక్కడ రాస్తున్నాను.

ఎపిసోడ్‌కి మూలం ఒక వాయిస్ మెసేజ్. మహబూలాలో ఉంటున్న ఒక తమ్ముడు పంపాడు. “అన్నా, మా బిల్డింగులో పై ఫ్లోర్‌లో ఇంటిపని చేసే ఒకావిడ ఉంది. చెత్త పడెయ్యడానికి కిందికొచ్చినప్పుడు, నాలుగు నెలలుగా జీతం ఇవ్వలేదని వచ్చీరాని అరబీలో చెప్పి ఏడ్చింది. రూముకొచ్చి మావాళ్లకి చెప్పాను. మొదటి ప్రశ్న ఏంటో తెలుసా అన్నా? ‘మనోళ్లేనా?’ అని. కాదు, శ్రీలంక ఆమె అన్నాను. ‘అయితే మనకెందుకురా’ అన్నారు. అడిగినాయన ప్రతి శుక్రవారం చర్చికి వచ్చే మనిషే. బైబిల్లో పొరుగువాడు అంటే అసలు ఎవరన్నా?”

రెండు వేల ఏళ్ల క్రితం ఒకాయన యేసుని అడిగింది కూడా సరిగ్గా ఇదే. మతం మీద పెద్దగా ఆసక్తి లేని శ్రోతలు కూడా ఇది చదవొచ్చు. నేను ప్రసంగం చేయడం లేదు, ఆ మాట ఎక్కడ పుట్టింది, దాని అర్థం ఎంత దూరం వెళ్తుంది అన్నది చెబుతున్నానంతే.

ఆజ్ఞ పుట్టిన చోటు

పొరుగువాణ్ణి తనలాగే ప్రేమించాలన్న మాట యేసు కొత్తగా చెప్పింది అని చాలామంది అనుకుంటారు. కాదండి. అది పాత నిబంధనలో, లేవీయకాండము 19వ అధ్యాయం 18వ వచనంలో ఉంది. యేసు దాన్ని తీసుకుని, దేవుణ్ణి పూర్ణ హృదయంతో ప్రేమించమన్న ఆజ్ఞ పక్కన నిలబెట్టారు.

నేను అడిగేది ఒకటే. ఆ ఒక్క వచనం కాకుండా ఆ అధ్యాయం మొత్తం ఒకసారి చదవండి. ప్రేమ అన్న మాట రావడానికి ముందు అక్కడ ఏముందో చూడండి. పంట కోసేటప్పుడు పొలం అంచుల దాకా కోయకు, రాలిన పరిగె ఏరుకోకు, అవి బీదవాళ్లకీ పరదేశికీ వదిలెయ్ అని ఉంది (9, 10 వచనాలు). కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోకు అని ఉంది (13). చెవిటివాణ్ణి తిట్టకు, గుడ్డివాడి దారిలో అడ్డం పెట్టకు అని ఉంది (14). బీదవాడైనా గొప్పవాడైనా తీర్పులో పక్షపాతం వద్దు అని ఉంది (15). ఇవన్నీ అయ్యాక 18వ వచనంలో ప్రేమ వస్తుంది. చివర్లో మళ్లీ త్రాసు, తూకపు రాళ్లు, కొలతలు సరిగ్గా ఉండాలి అని వస్తుంది (35, 36).

అంటే ఈ ఆజ్ఞకి ఇరుగుపొరుగుగా ఉన్నవి పొలం, కూలి, కోర్టు, త్రాసు. గుండె లోపల ఏదో ఒక మెత్తటి ఫీలింగ్ రావాలని ఇక్కడ ఎవరూ అడగలేదు. జీతం సమయానికి ఇవ్వడం ప్రేమలో మొదటి మెట్టు అన్నమాట. “నా రూమ్మేట్ అంటే నాకు ఇష్టం లేదు, ఎలా ప్రేమించాలి?” అని అడిగేవాళ్లకి కూడా ఇదే జవాబు. ఇష్టం రావడం మన చేతిలో లేకపోవచ్చు. అతని వాటా బిల్లు నొక్కెయ్యకుండా ఉండటం, జ్వరమొస్తే గంజి కాచి ఇవ్వడం మన చేతిలో ఉన్న పనులు.

“నీలాగే” అన్నదీ అంతే. మనకి ఆకలేస్తే ఏం కావాలో మనకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ఆ తెలివినే పక్కవాడి విషయంలో వాడమంటోంది.

పొరుగు అన్న మాట ఎంతవరకు సాగుతుంది?

తెలుగులో పొరుగు అంటే ముందు పక్కిల్లే గుర్తొస్తుంది. కానీ ఆ మాట మనకి బాగానే సాగుతుంది. పొరుగూరు అంటాం, పొరుగు రాష్ట్రం అంటాం, పొరుగు దేశం అంటాం. ఇంతదూరం సాగిన మాట ఒక చోట మాత్రం ఆగిపోయింది. ఊరి చివర వాడలో ఉన్నవాళ్లని ఊళ్లోవాళ్లు ఇరుగుపొరుగు లెక్కలో వేసుకోలేదు. వంద గజాల దూరంలో ఉన్నా పొరుగు కాలేదు. పొరుగుతనం దూరం బట్టి ఉండదని, మనసులో గీసుకున్న గీత బట్టి ఉంటుందని మన పల్లెలే సాక్ష్యం.

యేసు కాలంలోనూ ఈ గీత గురించే గొడవ. 18వ వచనంలో పొరుగువాడికి ముందు “నీ ప్రజలు” అన్న అర్థంలో మాట వస్తుంది. దాన్ని పట్టుకుంటే పొరుగువాడు అంటే మన జాతివాడే అని సరిపెట్టుకోవచ్చు. కానీ అదే అధ్యాయంలో ఇంకో పదహారు వచనాలు కిందికి వెళ్తే, 34వ వచనంలో, మీ దేశంలో ఉంటున్న పరదేశిని కూడా మీలాగే ప్రేమించాలి అని ఉంది. కారణం కూడా చెప్పింది. మీరూ ఒకప్పుడు ఐగుప్తులో పరదేశులుగా ఉన్నారు కాబట్టి అని.

ఈ కారణం గల్ఫ్‌లో ఉన్నవాళ్లకి ఎవరూ వివరించక్కర్లేదు. సివిల్ ఐడీ జేబులో లేకుండా బయటికి వెళ్తే కడుపులో ఎలా ఉంటుందో, రెసిడెన్సీ గడువు దగ్గర పడుతుంటే నిద్ర ఎలా పడుతుందో మనకి తెలుసు. పరదేశిగా బతికిన జ్ఞాపకమే ప్రేమకి ఆధారం అంటోంది ఆ వచనం.

ఆ ప్రశ్న, ఆ దారి

ఇప్పుడు లూకా సువార్త 10వ అధ్యాయానికి వద్దాం. ధర్మశాస్త్రం తెలిసిన ఒకాయన వచ్చి నిత్యజీవం గురించి అడుగుతాడు. యేసు తిరిగి ఆయన్నే అడిగితే, రెండు ఆజ్ఞలూ కరెక్ట్‌గా చెబుతాడు. అలాగే చెయ్యి అంటారు యేసు. అక్కడితో ఆగితే బావుండేది. కానీ ఆయన తనని తాను సమర్థించుకోవాలనుకుని ఇంకో ప్రశ్న వేస్తాడు. నా పొరుగువాడు ఎవడు అని. మన భాషలో చెప్పాలంటే “మనోడేనా?” అని.

గీత ఎక్కడ గియ్యాలో చెప్పమంటున్నాడు. గీత తెలిస్తే అవతలివాళ్ల బాధ్యత తనది కాదు కదా. దానికి యేసు నిర్వచనం చెప్పలేదు, కథ చెప్పారు. యెరూషలేము నుంచి యెరికోకి దిగుతున్న ఒక మనిషిని దొంగలు కొట్టి, బట్టలు ఊడదీసి, కొన ఊపిరితో వదిలేసి పోయారు. అతను ఏ జాతివాడో కథలో చెప్పలేదు. బట్టలు లేవు, మాట లేదు. చూసి పోల్చుకునే గుర్తులేవీ మిగల్లేదు.

ఆ దారి నిజంగా ఉన్న దారే. యెరూషలేము సముద్రమట్టానికి దాదాపు 750 మీటర్ల ఎత్తున ఉంటుంది, యెరికో దాదాపు 250 మీటర్లు దిగువన. సుమారు 27 కిలోమీటర్ల నడకలో వెయ్యి మీటర్లు దిగాలి. ఎండిన కొండలు, మలుపులు, దాక్కోవడానికి కావలసినన్ని చోట్లు.

ఒక యాజకుడు వచ్చాడు, చూశాడు, పక్కనుంచి పోయాడు. లేవీయుడూ అంతే. శవాన్ని ముట్టుకుంటే మైల అవుతుందని, గుళ్లో సేవకి అడ్డమని పోయారు అని చాలా ప్రసంగాల్లో వింటాం. లూకా ఆ మాట రాయలేదు. పైగా యాజకుడు ఆ దారిన దిగి వెళ్తున్నాడు అని రాశాడు, అంటే యెరూషలేము వైపు వెళ్లడం లేదు, అక్కణ్ణుంచి వస్తున్నాడు. మైల కారణం పూర్తిగా కొట్టెయ్యలేం గానీ, కథ మాత్రం వాళ్లకి ఏ సాకూ ఇవ్వలేదు.

సమరయుడు ఎందుకు?

మూడోవాడు మామూలు యూదుడు అని వినేవాళ్లు ఎదురుచూసి ఉంటారు. యేసు సమరయుణ్ణి తెచ్చారు. సమరయులదీ మోషే ధర్మశాస్త్రమే, కానీ వాళ్ల పవిత్ర స్థలం యెరూషలేము కాదు, గెరిజీము కొండ. క్రీస్తుకి వందేళ్లకు పైగా ముందే యూదుల పాలకుడు జాన్ హిర్కానస్ ఆ కొండ మీది గుడిని పడగొట్టాడు. ఆ పగ తరాల తరబడి మండింది. ఈ కథకి ఒక్క అధ్యాయం ముందు, లూకా 9లో, ఒక సమరయ గ్రామం యేసుకే చోటు ఇవ్వలేదు. ఆ ఊరి మీద ఆకాశం నుంచి అగ్ని కురిపించమంటారా అని శిష్యులు ఇద్దరు అడిగితే యేసు వాళ్లని గద్దించారు. తర్వాతి అధ్యాయంలోనే కథకి హీరో సమరయుడు. తనకి తలుపు వేసినవాళ్ల మనిషినే ఎంచుకున్నారన్నమాట.

ఈ సమరయులు కథలో పాత్రలు మాత్రమే కాదండి. ఈనాటికీ ఉన్నారు. నాబ్లస్ దగ్గర గెరిజీము కొండ మీద, టెల్ అవీవ్ దగ్గర హోలోన్‌లో, అంతా కలిపి వెయ్యి మందికి లోపే.

కథ అయ్యాక యేసు ప్రశ్న తిప్పేశారు. ముగ్గురిలో పొరుగువాడు ఎవరు అయ్యారు అని అడిగారు. పండితుడి నోట “సమరయుడు” అన్న మాట కూడా రాలేదు, జాలి చూపినవాడు అన్నాడంతే. చూడండి, “నాకు పొరుగువాడు ఎవరు” అన్నది పోయి, “నువ్వు ఎవరికి పొరుగువాడివి అయ్యావు” అన్నది వచ్చింది. “మనోడేనా?” అన్న ప్రశ్నకి అవునూ కాదూ రెండూ చెప్పలేదు. ఆ ప్రశ్నే తీసేశారు.

బిల్లు ఎంతయింది?

నాకు ఈ కథలో బాగా నచ్చేది లెక్క. జాలిపడ్డాడు అని ఒక్క ముక్కలో చెప్పి, తర్వాత చేసిన పనులు వరసపెట్టి చెబుతాడు లూకా. దగ్గరికి వెళ్లాడు. నూనె, ద్రాక్షారసం పోసి గాయాలు కట్టాడు. తన జంతువు మీద ఎక్కించాడు, అంటే తను నడిచాడు. పూటకూళ్ల ఇంటికి తీసుకెళ్లాడు. ఆ రాత్రి తనే చూసుకున్నాడు. మర్నాడు రెండు దేనారాలు ఇచ్చాడు. ఇంకా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. తర్వాత తన దారిన తను వెళ్లాడు.

దేనారము అంటే అప్పట్లో ఒక రోజు కూలి, మత్తయి 20లో ద్రాక్షతోట కూలీల కథలో ఇదే రేటు. రోమన్ల దేనారియస్ అన్న పేరే అరబీలో దినార్ అయింది. మన జేబులో ఉన్న కువైట్ దినార్‌కి ఆ పేరు అక్కణ్ణుంచి వచ్చిందే. ఇక్కడ ఇంటిపని చేసేవాళ్ల కనీస జీతం నెలకి 60 దినార్లు, అంటే రోజుకి రెండు. ఆ లెక్కన సమరయుడు ఇచ్చింది నాలుగు దినార్లు. ఆస్తి అమ్మలేదు, ప్రాణం ఇవ్వలేదు. ఒక రాత్రి, రెండు రోజుల కూలి, తిరిగొస్తానన్న మాట. ఎవరికైనా అందే లెక్క ఇది, అందుకే తప్పించుకోవడం కష్టం.

ఇంకొకటి. అతను అన్నీ తనే చెయ్యలేదు. పూటకూళ్లవాడికి అప్పగించాడు. సాయం చెయ్యడం అంటే బరువు మొత్తం మన నెత్తిన వేసుకోవడం కాదు, సరైన చోటికి చేర్చి, మళ్లీ వెళ్లి చూడటం.

తొందర

1970లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో పాస్టర్లు కావడానికి చదువుకుంటున్న విద్యార్థుల మీద డార్లీ, బాట్సన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఒక ప్రయోగం చేశారు. 1973లో అచ్చయింది. ఒక్కొక్కరినీ పక్క బిల్డింగుకి వెళ్లి చిన్న ప్రసంగం చెయ్యమన్నారు. కొందరికి ఇచ్చిన అంశం సరిగ్గా ఈ మంచి సమరయుడి కథే. దారిలో ఒక మనిషి గుమ్మం దగ్గర కూలబడి దగ్గుతూ మూలుగుతున్నట్టు ఏర్పాటు చేశారు.

40 మందిలో ఏదో రకంగా సాయం చేసింది 16 మంది. సమరయుడి గురించి మాట్లాడబోతున్నారా లేదా అన్నది పెద్ద తేడా తేలేదు. తేడా తెచ్చింది తొందర. తీరిగ్గా ఉన్నవాళ్లలో 63 శాతం మంది ఆగారు, కాస్త తొందరలో ఉన్నవాళ్లలో 45 శాతం, బాగా ఆలస్యమైందని చెప్పినవాళ్లలో 10 శాతం.

యాజకుడు చెడ్డవాడు కాకపోవచ్చు, టైం లేనివాడై ఉండొచ్చు. డ్యూటీ, ఓవర్‌టైం, పార్ట్‌టైం అని పరిగెత్తే మనకి ఈ అంకెలు గట్టిగానే తగులుతాయి. వారంలో ఒక గంట ఖాళీగా ఉంచుకోవడం కూడా ఈ ఆజ్ఞలో భాగమే అని నేననుకుంటాను. పొలం అంచు కోయకుండా వదలమన్నది మన లెక్కలో ఇదే, రోజు అంచు కొంచెం వదలడం.

భయం సంగతి కూడా ఉంది. 1968 ఏప్రిల్ 3న మెంఫిస్‌లో మార్టిన్ లూథర్ కింగ్ తన చివరి ప్రసంగంలో ఇదే యెరికో దారి గురించి మాట్లాడారు. ఆగితే తమకేమవుతుందో అని ముందు ఇద్దరూ ఆలోచించి ఉంటారని, ఆగకపోతే ఇతనికేమవుతుందో అని సమరయుడు ఆలోచించాడని ఆయన వివరణ. ఆయన మెంఫిస్ వెళ్లింది సమ్మెలో ఉన్న పారిశుద్ధ్య కార్మికుల కోసం. మళ్లీ కూలి దగ్గరికే వచ్చాం చూడండి.

ఒంగోలు దగ్గర ఒక కాలువ

మన తెలుగు నేల మీది ఉదాహరణ ఒకటి. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిలో ఘోరమైన కరువు. ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉండేవాడు. మిషనరీ కాకముందు సర్వే పని చేసినవాడు. అప్పుడు తవ్వుతున్న బకింగ్‌హాం కాలువలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకి పని, కూలి ఇచ్చాడు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు, అంటే ఇందాక చెప్పిన గీతకి అవతలివాళ్లు.

ఆ కరువు రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని చాలామంది అడిగారు. ఆయన ఆపేశాడు. తిండి కోసం మతం మారినట్టు కాకూడదని. కరువు సాయం ముగిశాకే మళ్లీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్య గురించి మన చర్చిల్లో గొప్పగా చెప్పుకుంటాం. తిండి కోసం చేరారు అని విమర్శించినవాళ్లూ ఉన్నారు. ఆ వాదన ఎలా ఉన్నా, నాకు ఆ సంఖ్య కంటే దానికి ముందు ఆగిన నెలలే పెద్దవి. కాలువ తవ్వినవాడికి కూలి అందాలి, దానికి బదులుగా ఏదీ అడగకూడదు. సమరయుడు కూడా లేచాక గెరిజీము కొండకి రమ్మని గాయపడ్డవాణ్ణి అడగలేదు.

ఇక్కడ, కువైట్‌లో

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకి సూటిగా జవాబు. ఆ శ్రీలంక ఆవిడ నీ పొరుగే, నువ్వు దగ్గరికి వెళ్తే. ఎలా వెళ్లాలి అన్నది తెలివిగా చూసుకోవాలి.

ముందు వినండి. జీతం ఎన్ని నెలలది రాలేదు, కాంట్రాక్టు కాపీ ఉందా, పాస్‌పోర్ట్ ఎవరి దగ్గర ఉంది అని అడగండి. ఇంటి పనివాళ్ల కోసం కువైట్‌లో 2015 నాటి 68వ నంబర్ చట్టం ఉంది. వారానికి ఒక రోజు సెలవు, రోజుకి 12 గంటలకి మించకుండా పని, నెల నెలా జీతం, ఏడాదికి జీతంతో 30 రోజుల సెలవు ఆ చట్టం ఇచ్చిన హక్కులు. పాస్‌పోర్ట్ యజమాని దగ్గర పెట్టుకోవడానికి వీల్లేదు. ఈ నాలుగు ముక్కలు ఆమెకి అర్థమయ్యే భాషలో చెప్పడమే సగం సాయం.

జాలి కొద్దీ ఆమెని మీ రూములో దాచిపెట్టకండి. పారిపోయిందని కేసు పెడితే ఆమెకీ ప్రమాదం, మీకూ ప్రమాదం. మ్యాన్‌పవర్ అథారిటీలో ఇంటి పనివాళ్ల విభాగం ఫిర్యాదులు తీసుకుంటుంది. ఆమెకైతే శ్రీలంక ఎంబసీ, మనవాళ్లకైతే మన ఎంబసీ. మన ఎంబసీలకి 2009 నుంచి కష్టంలో ఉన్న భారతీయుల కోసం సంక్షేమ నిధి ఉంది, మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. ఇవి మన పూటకూళ్ల ఇళ్లు. దెబ్బ తగిలినా, ప్రాణం మీదికి వచ్చినా ముందు 112కి ఫోన్ చెయ్యండి.

డబ్బు సాయం చేస్తే మీ చేత్తో, మీ జేబులోంచి చెయ్యండి. అనుమతి లేకుండా విరాళాలు వసూలు చెయ్యడం ఇక్కడ చట్టానికి విరుద్ధం. మంచి ఉద్దేశం అన్నది అక్కడ అక్కరకి రాదు.

ఇక చివరి ముక్క, ఇది మనలో కొందరికి చేదుగా ఉంటుంది. పొరుగు ప్రేమ అనగానే మనం సమరయుడి పాత్రలో ఊహించుకుంటాం. మన కింద పనిచేసేవాళ్లు ఉంటే మన పాత్ర వేరే. చిన్న కాంట్రాక్టు నడిపేవాళ్లు, సూపర్‌వైజర్లు, ఇంట్లో పనిమనిషిని పెట్టుకున్న ఫ్యామిలీలు మనలోనూ ఉన్నారు. కోత కోసినవాళ్ల కూలి బిగపట్టుకుంటే ఆ కూలే మొరపెడుతుందన్న అర్థంలో యాకోబు తన పత్రిక 5వ అధ్యాయంలో రాశాడు. ఈ నెల జీతాలు ఇచ్చేశామా అన్నది కూడా పొరుగువాడి గురించిన ప్రశ్నే.

ఈ వారం చెయ్యదగ్గ పని ఒకటి చెప్పి ఆపుతాను. మీ బిల్డింగులో రోజూ కనిపించే మనిషి, హారిస్ కావచ్చు, క్లీనింగ్ అన్న కావచ్చు, పై ఫ్లోర్ అక్క కావచ్చు, పేరు తెలియనివాళ్లు ఒకరుంటారు. పేరు అడగండి. ఏ దేశం, ఏ ఊరు అన్నది తర్వాత. వాళ్లు ఏం చెప్పారో వీలైతే నాకు వాయిస్ మెసేజ్ పెట్టండి, పేర్లు లేకుండా. వచ్చే శుక్రవారం కలుద్దాం.